రంగుమందుతో పాటు రద్దయిన రోగం

అమృతకలశం చేతబట్టిన ధన్వంతరికి ముందుగా నమస్కారం. కంటికి కనబడని పురుగును సైతం ఎరిగిన ఆ స్వామి, కనబడినదాన్ని కూడా లేదని రాయగల మహానుభావుల ఈ కథను నిర్విఘ్నంగా సాగించుగాక.

ఆరోగ్య మంత్రివర్యులు ఒకనాడు మైకు ముందు నిలబడి, నెలాఖరుకల్లా మలేరియా ఉండదని ప్రకటించారు. దోమలకు ఈ సంగతి తెలుసా అని అడిగిన విలేకరి వైపు క్షమాగుణంతో చూశారు.

మలేరియా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు మీద ఒంగి నడుం వంగిపోయిన టెక్నీషియన్ను అందరూ స్లైడు మేస్టారనేవారు. గాజుపలక మీద రక్తపు చుక్క పూసి, రంగుమందు పోసి, మైక్రోస్కోపుకు కన్ను ఆనించి చూస్తే, ఎర్రకణం లోపల నీలి ఉంగరానికి ఎర్రరాయి పొదిగినట్టు మలేరియా పురుగు ఆయనకు దర్శనమిచ్చేది. ప్రకటన వెలువడిన మర్నాడు పెద్దాఫీసరు ఆయన్ను పిలిపించారు.

"రంగుమందు అందిన సెంటర్లెన్ని?"

"పన్నెండు సార్."

"మలేరియా ఉన్నవి?"

"ఆ పన్నెండే సార్."

"రంగుమందు అందని మూడు సెంటర్లలో?"

"సున్నా సార్."

ఆఫీసరు కళ్లజోడు తీసి మెల్లగా తుడుచుకున్నారు. "ఇరవై రెండేళ్లు కళ్లెదుట పెట్టుకుని కూడా కనిపెట్టలేకపోయావన్నమాట."

"సార్, రంగు వెయ్యకపోతే పురుగు కనబడదండీ."

"కనబడనిదాన్ని ఉందని నమ్మడం భక్తయ్యా. భక్తి ఇంటి దగ్గర చేసుకో. ఇక్కడ సైన్సు."

సాయంత్రానికి రంగుమందు సీసాలన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. రోగం లేని చోట మందెందుకని మాత్రలూ వెళ్లాయి. స్టోరులో ఒక్క రోగికి సరిపడా మాత్రలు మాత్రం నమూనాగా మిగిల్చారు. మేస్టారి సొరుగులో ఒక సీసా అడుగున, రెండు స్లైడులకు చాలేంత రంగు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

ఇంట్లో ఆయన ఇల్లాలు రోజు విడిచి రోజు, ఉదయం పదకొండు గంటలకు, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతోంది.

"రేపు నాకు సెలవండీ. ఎల్లుండి పదకొండింటికి మళ్లీ డ్యూటీ. మీ ఆఫీసు కన్నా ఈ జ్వరమే నయం, వేళకు వస్తోంది."

"ఆఫీసులో మలేరియా లేదన్నారే."

"ఊరందరి రక్తమూ చూస్తారు, ఇంట్లోదాని రక్తం చేదయిందా?"

ఆయన ఒక చుక్క తీసుకెళ్లి, ఉన్న రంగులో సగం పోసి చూశారు. ఉంగరాలు కణాల నిండా కొలువుదీరి ఉన్నాయి. స్టోరుకు పరిగెత్తితే, పాజిటివ్ రిపోర్టు లేనిదే మాత్ర కదలదన్నాడు స్టోర్‌కీపరు. ఆఫీసరు దగ్గరికి పరిగెత్తితే, "పాజిటివ్ ఎక్కడ రాస్తావయ్యా? కొత్త ఫారంలో ఆ గడే తీసేశాం," అన్నారు.

మూడోనాడు సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ మంత్రివర్యులు వణకసాగారు. ప్రజల మీది ప్రేమతో కంపించిపోతున్నారనుకుని జనం చప్పట్లు కొట్టారు. వణుకు పెరిగిన కొద్దీ చప్పట్లూ పెరిగాయి. చప్పట్లు ఆగాక ఆయనకు అనుచరుల కోట్లు మూడు కప్పి లాబ్‌కు మోసుకొచ్చారు. మేస్టారు మంత్రిగారి రక్తపు చుక్క మీద మిగిలిన రంగు అంతా పోసి చూశారు. అవే ఉంగరాలు.

"ఏం చేస్తోందయ్యా లోపల?" అన్నారు మంత్రి, పళ్లు టకటకలాడుతుండగా.

"ఎర్రకణంలో దూరి, లోపలి సరుకంతా తిని, ఒకటి పదహారవుతుందండీ. అన్నీ కలిసి ఆ కణాన్ని బద్దలుకొట్టుకుని వచ్చి, తలా ఒక కణంలో దూరతాయి. బద్దలైనప్పుడల్లా చలి."

"పదహారూ ఒకేసారి బయటికొస్తాయా?"

"ఒకేసారేనండీ."

"మా పార్టీలో ఇద్దరు రారు," అన్నారు మంత్రి నిట్టూర్చి.

"కొన్ని కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి, తరవాత లేస్తాయండీ."

"అలాంటివాళ్లు మాకూ ఉన్నారులే."

ఆఫీసరు గొంతు సవరించుకున్నారు. "మంత్రిగారికి మలేరియా రాకూడదు. మాత్రలేమో రావాలి. ఫారం మీద నేనే గడి గీస్తాను. ఎవరిదైనా సామాన్యుల పేరు రాయి."

మేస్టారు చటుక్కున కలం అందుకున్నారు. "మా ఆవిడ పేరు రాయనా సార్?"

"రాయవయ్యా. దేశసేవ."

ఆయన గుండ్రటి అక్షరాలతో ఇల్లాలి పేరు రాసి, రిపోర్టు పట్టుకుని స్టోరుకు వెళ్లి, ఆమె పేరుతోనే పొట్లం అందుకున్నారు. ఆఫీసరు ఆ పొట్లాన్ని ఆయన చేతిలోంచి తీసి మంత్రిగారి జేబులో భద్రంగా పెట్టారు.

"సార్, మరి మా ఆవిడకి?"

"ఇచ్చినట్టు రిజిస్టర్లో ఎక్కిందిగా. ఒక్క మనిషికి రెండుసార్లు ఇస్తే పైవాళ్లు ఊరుకుంటారా?"

నెలాఖరున, ఉదయం పదకొండు గంటలకు, విజయోత్సవ సభ. నిగనిగలాడుతున్న మంత్రివర్యులు, దేశపు చిట్టచివరి మలేరియా రోగికి నయమైపోయిందని ప్రకటించి, ఆ ధన్యురాలిని వేదిక మీదికి పిలిచి, స్వహస్తాలతో శాలువా కప్పారు.

"అమ్మా, కదలకండి. ఫోటో చెదిరిపోతోంది," అన్నాడు ఫోటోగ్రాఫరు.

జనం చప్పట్లు కొట్టారు. ఆమె మొదటి వరసలో కూర్చున్న భర్త వైపు చూసింది.

"ఏమండీ, ఇంకో రెండు శాలువాలున్నాయేమో అడగండి."

ఈ కథ చదివినవారికీ విన్నవారికీ చలి ఎరుగని పదకొండు గంటలనూ, సీసా నిండా రంగుమందునూ, ఎవరి పేరున వచ్చిన మాత్ర వారి నోటనే పడే భాగ్యాన్నీ ఆ ధన్వంతరి ప్రసాదించుగాక.