కుక్కర్ వెయ్యని విజిల్

ఆ రోజు పొద్దున డ్రిల్లు మాస్టారు పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. కాఫీ తాగడం, చిలకకు జామముక్క పెట్టడం, టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటం. పదవీ విరమణ చేసిన మనిషి లోకానికి ఇంతకంటే తక్కువ ఇబ్బంది ఎలా కలిగించగలడో ఆయనకు తెలియదు. అయినా ఆయన సోఫాలో కూర్చోగానే వంటింట్లోంచి భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఇవాళ మా తమ్ముడు భోజనానికొస్తున్నాడు. చిక్కుడు గింజలు కుక్కర్లో పెట్టాను. ఇవాళ కూడా ఉడక్కపోయాయో, మీ చిలక వాడితో వెళ్లిపోతుంది. తర్వాత నన్నేమీ అనకండి."

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "గింజలు ఉడక్కపోతే చిలకెందుకు వెళ్లాలి? ఆ గింజల్నే పంపించు!"

"విజిల్ వేస్తున్నది అది కాబట్టి."

"చూశావా నువ్వు?"

"చూడక్కర్లేదు. ఈ ఇంట్లో అన్నిటినీ అనుకరించే నోరు దానికి కాక ఇంకెవరికుంది?"

ఈ గొడవ వారం రోజులుగా నడుస్తోంది. ఇల్లాలు పూసల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. చేతిపనుల ప్రదర్శనకు పంపాలని గుమ్మానికి వేలాడదీసే పూసల తెర ఒకటి అల్లుతోంది. కూర్చునేది ముందు గదిలో, కుక్కర్ ఉండేది వెనక వంటింట్లో. మాటిమాటికీ లేచి వెళ్లకుండా ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టింది. విజిల్ వినపడగానే ఒక ఎర్రపూస తీసి పక్కన పెడుతుంది. దుంపలకు మూడు పూసలు, గింజలకు ఆరు. లెక్క పూర్తికాగానే వెళ్లి స్టవ్ కట్టేస్తుంది. ఏళ్ల తరబడి ఈ పద్ధతి ఆవిడను ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

అలాంటిది ఈ వారమంతా పూసలు సరిగ్గానే ఉన్నాయి, తిండి మాత్రం పచ్చిగా ఉంది. కుక్కర్ రబ్బరు మార్పించింది. విజిల్ కొత్తది కొనిపించింది. బాగుచేసేవాడిని పిలిపిస్తే కుక్కర్లో ఏ లోపమూ లేదన్నాడు. దాంతో అందరి చూపూ చిలక మీద పడింది. అందుకు తగ్గ చరిత్ర కూడా ఉంది దానికి. కాలింగ్ బెల్‌లా మోగుతుంది, ఫోన్‌లా మోగుతుంది, మాస్టారు దగ్గినట్టే దగ్గుతుంది. ఎవరూ లేని గుమ్మానికి ఇల్లాలు ఎన్నిసార్లు పరుగెత్తిందో లెక్కలేదు.

మాస్టారికి మాత్రం ఆ ఆరోపణ గుండెల్లో గుచ్చుకుంది. ఆయన దాన్ని కెప్టెన్ అని పిలుస్తారు. బడి ఉద్యోగం అయిపోయాక ఇంట్లో ఆయన మాటను మొదటిసారికే వినేది అదొక్కటే. పొద్దున్నే "సావధాన్" అంటే నిక్కబొడుచుకుని నిలబడుతుంది. భార్యను ఎన్నడైనా ఒక్క మాటకైనా అలా నిలబెట్టగలిగారా?

"ముప్పై ఏళ్లు మైదానంలో ఈల ఊదిన నోరు నాది," అన్నారాయన గొంతు పెంచి. "ఆఖరి రోజున ఆ ఈల కూడా బడి స్టాకు పుస్తకంలో ఉందని వెనక్కి లాక్కున్నారు, దుర్మార్గులు! అయినా ఏది అసలు ఈలో ఏది దొంగ ఈలో నా చెవికి తెలియదా? చిలక విజిల్ వేస్తే, పక్కనే కూర్చున్న నాకు వినపడదా?"

"మ్యాచ్ నడుస్తుంటే మీ పక్కన ఫిరంగి పేలినా వినపడదు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇక మీ ఇష్టం," అని ఆవిడ ముందు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

మాస్టారు మండిపోతూనే మ్యాచ్ పెట్టారు. మ్యాచ్ ఆయన్ని చల్లబరచలేదు సరికదా, అగ్గి మీద గుగ్గిలం వేసింది. పచ్చచొక్కావాడు ఎర్రచొక్కావాడి కాలు పట్టపగలు అంతమంది చూస్తుండగా తన్నాడు. రెఫరీ తనకేమీ పట్టనట్టు పక్కనుంచి పరుగెత్తాడు. ఇంకొకడు చొక్కా పట్టుకు లాగాడు, దానికీ దిక్కులేదు. ఇలాంటి రెఫరీని మాస్టారైతే మైదానం చుట్టూ పరుగెత్తించేవారు. ఆయన రక్తం సలసలా ఉడికింది. వంటింట్లో గింజలు మాత్రం ఉడకలేదు. అవతలి గదిలో ఆయన భార్య చకచకా ఎర్రపూసలు పక్కన పెడుతూనే ఉంది.

అనుకున్నదానికంటే ముందే బావమరిది ఊడిపడ్డాడు. భోజనానికి వచ్చేవాడు పండో ఫలమో పట్టుకొస్తాడు. ఇతను పంజరం పట్టుకొచ్చాడు. అందులో కొత్త ఊయల కూడా కట్టి ఉంది.

"ఏమోయ్, ఏమిటిది?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు బావగారూ, దారిలో కనిపిస్తే కొన్నాను," అన్నాడతను చిలక వంక ఆశగా చూస్తూ. ఇతని ఇంట్లో ఇప్పటికే బాతులు, పావురాలు, ఒంటికంటి కోడి ఒకటి ఉన్నాయి. కెప్టెన్‌ను ఆ సంతలో ఊహించుకోగానే మాస్టారి కడుపు మండింది.

ఇంతలో ఇల్లాలు ఆరో పూస పెట్టి, స్టవ్ కట్టేసి, ఆవిరి పోయాక మూత తీసింది. తమ్ముడు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. కటుక్కుమంది.

"అక్కా, విరిగింది గింజా నా పన్నా?" అన్నాడు దవడ పట్టుకుని.

"విన్నారుగా!" అంది ఆవిడ మొగుడివైపు గుడ్లురిమి.

"వినలేదు! నేనసలు ఏ విజిలూ వినలేదు!" అని మాస్టారు అరిచారు. అది నూటికి నూరుపాళ్లు నిజం. "సరే, కెప్టెన్‌ను బాల్కనీలో పెడతాను. తలుపు వేస్తాను. మళ్లీ పొయ్యి మీద పెట్టు. అప్పుడు చూద్దాం ఎవరి దోషమో!"

చిలక బాల్కనీలోకి వెళ్లింది, కుక్కర్ పొయ్యెక్కింది, ఇల్లాలు పూసల దగ్గర కూర్చుంది. మాస్టారు మ్యాచ్ దగ్గరికి వచ్చారు. రెండో సగంలో రెఫరీ మొదటి సగంలో మిగిల్చిన అన్యాయాన్ని కూడా పూర్తిచేస్తున్నాడు. బంతి చేతికి తగిలింది, లేదన్నాడు. మనిషిని మోచేత్తో పొడిచారు, ఆడుకోమన్నాడు. మాస్టారు పళ్లు పటపట కొరికారు. మనసులో ఉన్నదంతా ఎక్కడికక్కడ బయటపెట్టారు. అవతల ఆరు పూసలు వరసకట్టాయి.

మూత తీశారు. గింజలు ఇంకా గులకరాళ్లే. ఆ చిలక గొంతుకు బాల్కనీ తలుపొక లెక్కా అని ఇల్లాలు తేల్చేసింది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. ఎవరూ కదల్లేదు. చిలక మోగించి ఉంటుందని అందరూ అనుకున్నారు. రెండోసారి తలుపు దబదబా బాదారు. తీస్తే కింది వాటా ఆవిడ, చేతిలో దుంపల గిన్నె.

"వదినగారూ, మీ చిలక మా దుంపల్ని కూడా ఉడకనివ్వదా? వారం నుంచీ ఇదే వరస. మూడు విజిళ్లు లెక్కపెట్టి ఆపేస్తాను, చూస్తే ఇవీ! కత్తి దిగటంలేదు. మా ఆయన హోటల్లో తిని వస్తున్నారు. ఇవాళ మీ బాల్కనీలో దాన్ని చూశాక నాకంతా అర్థమైంది."

"మీకేం అర్థమైందమ్మా?" అని మాస్టారు ఆవిడ మీదికి లేచారు. "బాల్కనీలో కూర్చుంటే నేరమా? అది ఈల వెయ్యడం చూశారా మీరు?"

"చూడటమెందుకన్నయ్యగారూ, మా ఇంటిదాకా ఖంగుమని వినపడుతుంటేను!"

ఇద్దరు ఆడవాళ్లూ ఏకమయ్యారు. పంజరం తలుపు తెరిచి ఉందా లేదా అని బావమరిది ఒకసారి సరిచూసుకున్నాడు. తరవాత, భోజనం వేళ మించిపోతోందని గుర్తొచ్చి, ఒక మహత్తరమైన సలహా ఇచ్చాడు.

"అక్కా, గింజల్ని మిక్సీలో వేసి తిప్పేద్దాం. ముద్దయ్యాక ఉడికాయో లేదో ఎవడికి తెలుస్తుంది?"

ఆవిడ వద్దనేలోపు జార్ నిండా గింజలు నింపాడు. పైన నీళ్లు పోశాడు. మూత పెట్టి, చెయ్యి మాత్రం మూత మీద కాక మీట మీద పెట్టాడు. మిక్సీ ఒక్క గుర్రు పెట్టింది. మూత ఎగిరి సీలింగ్‌కు కొట్టుకుంది. పచ్చటి ముద్ద నాలుగు దిక్కులకూ చిమ్మింది. బావమరిది చొక్కా, కింది వాటా ఆవిడ కళ్లజోడు, గోడ మీది క్యాలెండర్ అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. అల్లినంతవరకూ తమ్ముడికి చూపించాలని, మూత తీయడానికి వస్తూ ఇల్లాలు వంటింటి గుమ్మానికి తగిలించిన పూసల తెర మీదనుంచి ముద్ద జారుతూ, పూసపూసకూ ఆగుతూ కిందికి దిగింది.

ఆవిడ అరవలేదు. అందుకే మాస్టారికి భయమేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మౌనం ఆయన రెండు మూడుసార్లే చూశారు.

"తమ్ముడూ," అంది ఆవిడ తెరవైపు చూస్తూనే. "చిలకను పంజరంలో పెట్టుకో."

"మిక్సీ నొక్కింది వీడు! శిక్ష చిలకకా?" మాస్టారు పంజరానికి అడ్డం వచ్చారు. ఇది కోపమొక్కటే కాదు. రేపు పొద్దున్నే "సావధాన్" అని ఎవరితో అనాలి? "విచారణ లేకుండా ఎర్రకార్డు ఇస్తారా? బళ్లో పిల్లవెధవల్ని కూడా నేను అలా పంపలేదు. ఒక్క పరీక్ష పెట్టండి. కుక్కర్ మళ్లీ ఎక్కించండి. చిలకను ఇక్కడే, అందరి ఎదురుగా కూర్చోబెట్టండి. అది నోరు తెరిచి విజిల్ వేస్తే, నేనే నా చేతులతో పంజరంలో పెడతాను!"

న్యాయంగానే ఉందని కింది వాటా ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ ఒప్పుకుంది. మిగిలిన గింజలతో కుక్కర్ మూడోసారి పొయ్యెక్కింది. అందరూ హాల్లో కూర్చున్నారు. బావమరిది చిలకను మోచేతి మీద ఎక్కించుకుని, మచ్చిక చేసుకోవాలని జామముక్క అందించాడు. టీవీ గోల పరీక్షకు అడ్డమని ఇల్లాలు సౌండ్ పూర్తిగా తీసేసింది. బొమ్మ మాత్రం ఉండనివ్వమని మాస్టారు బతిమాలుకున్నారు. ఆఖరి నిమిషాలు, స్కోరు సమానం.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నలుగురిలో ముగ్గురు చిలక ముక్కు వంకే రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. చిలక జామముక్క వంక చూస్తోంది. మాస్టారు టీవీ వంక చూస్తున్నారు.

ఉన్నట్టుండి హాలు దద్దరిల్లేలా ఈల మోగింది.

"అదిగో!" అని కింది వాటా ఆవిడ లేచి నిలబడి, అలాగే ఆగిపోయింది. చిలక ముక్కు జామముక్కలో సగందాకా దిగబడి ఉంది. అది కూడా బెదిరిపోయి తల తిప్పి చూస్తోంది. అది చూస్తున్న వైపే అందరూ చూశారు.

మాస్టారు సోఫా ముందు నిటారుగా నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి టీవీలోని గోలు వైపు చాచి ఉంది. పెదవులు ఇంకా సున్నాలా ఉన్నాయి.

"పెనాల్టీ!" అని గర్జించారాయన. "గోలు ముందర మనిషిని పడేస్తే పెనాల్టీ ఇవ్వవేంరా గుడ్డివెధవా!" అంటూనే మళ్లీ నాలుక మడిచి, ఇంకో ఈల వేశారు. అది బళ్లో ఈ చివరనుంచి ఆ చివరకు వినిపించిన ఈల. స్టాకులో పెట్టుకునేందుకు ఎవరూ లాక్కోలేనిది.

వెనక నుంచి ఎవరూ ఏమీ అనకపోవడంతో ఆయన మెల్లగా తిరిగి చూశారు. మూడు ముఖాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అప్పుడు వంటింట్లో కుక్కర్ తన మొదటి విజిల్ తాపీగా వేసింది.

"నేనా?" అన్నారు మాస్టారు.

మూడు తలలూ ఒకేసారి ఊగాయి.

"వారం నుంచీ నేనేనా?"

"టోర్నమెంటు మొదలై ఎన్నాళ్లైంది బావగారూ?" అని బావమరిది అడిగాడు.

మాస్టారి ముఖం కందగడ్డ అయింది. తలదించుకోవాలని ఆయన నిజంగానే అనుకున్నారు. కానీ దించబోయే తలకు టీవీ అడ్డం వచ్చింది. పడిపోయిన ఆటగాడు ఇంకా గడ్డిలో దొర్లుతున్నాడు. "అది సరే, మీరే చెప్పండి! కళ్లారా చూశారుగా. అది ఫౌల్ కాదా?"

"ఫౌలే," అంది భార్య. మాస్టారి ప్రాణం లేచొచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, చిలక వద్దు. ఆ టీవీ పట్టుకుపో."

"ఇంకా అదనపు సమయం ఉందే!" అని మాస్టారు లబలబలాడారు. "అది అయ్యేదాకా ఉంచవే. ఒక్క అరగంట!"

"టీవీయా, చిలకా? ఏది పోవాలో మీరే చెప్పండి."

ఆయన కెప్టెన్ వంక చూశారు. కెప్టెన్ ఆయన వంక చూసి, ఎవరూ అడక్కుండానే నిక్కబొడుచుకుని నిలబడింది. మాస్టారి కళ్లు చెమర్చాయి. ఇన్ని మాటలు పడి, ఒక్క మాట కూడా ఎదురు చెప్పని ప్రాణి! ఆయన వెళ్లి టీవీ ప్లగ్ పీకేశారు. ఆ పెనాల్టీ సంగతి ఏమైందో ఈ జన్మకు ఆయనకు తెలియదు. ఇల్లాలు చిలకను తన భుజం మీదికి ఎక్కించుకుని, "ఏమనుకోకే తల్లీ," అని బుజ్జగిస్తూ తెర కడుక్కోవడానికి వెళ్లింది. కింది వాటా ఆవిడ, ఇకనైనా దుంపలు ఉడుకుతాయన్న ధైర్యంతో గిన్నె పట్టుకుని ఇంటికి దిగిపోయింది.

కాసేపటికి బావమరిది టీవీని దుప్పట్లో చుట్టి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. "ఎడమకి, ఎడమకి! గోడ, గోడ చూసుకో!" అంటూ మాస్టారు వెంటే దిగుతున్నారు. కింది వాటాలో కుక్కర్ ఒక విజిల్ వేసింది. నాలుగు మెట్లు దిగేసరికి రెండోది వేసింది. మలుపులో బావమరిది కాలు తడబడింది. టీవీ మూల కటకటాల ఇనుపకడ్డీకి ఫట్‌మని కొట్టుకుంది. అద్దం పగిలిన చప్పుడు దుప్పట్లోంచి సన్నగా వినిపించింది. అంత ఘోరం కళ్లెదుట జరుగుతుంటే మాస్టారి పెదవులు ఆయన మాట వినలేదు. మెట్లదారి మొత్తం మారుమోగేలా ఈల ఒకటి ఖంగుమంది.

కింది వాటాలో టక్కున స్టవ్ కట్టేసిన చప్పుడైంది.