రెప్ప వాల్చని డాక్టరమ్మ

ఒక పెద్ద అడవిలో, జబ్బు పడడానికి అందరికీ బోలెడు తీరిక ఉన్న అడవిలో, ఒక పెద్దాసుపత్రి ఉండేది. దానికి సూపరింటెండెంటు గుబురయ్య అనే ఎలుగుబంటి. ఆయన చెయ్యి పడితే ఎలాంటి జబ్బయినా నయమవుతుందని పేరు. ఆ పేరు చెడకూడదని ఆయన ఏ రోగి మీదా చెయ్యి వేసేవాడు కాదు.

చెయ్యి వేసే పనంతా హౌస్ సర్జన్లది. అంటే చదువు అయిపోయి, ఇంకా డాక్టరు అనిపించుకోకుండా, డాక్టరు చెయ్యాల్సినవన్నీ చేసే కుర్ర జంతువులన్నమాట.

పెద్దాయన రౌండ్సు ముగిసేదాకా హౌస్ సర్జన్లు వార్డు దాటకూడదని అక్కడి ఆచారం. పెద్దాయన ఎప్పుడొస్తాడో పెద్దాయనకే తెలియదు. తేనెపట్టు దొరికిన రోజు తిన్నాక వస్తాడు. దొరకని రోజు వెతికాక వస్తాడు. ఆయన వచ్చి వెళ్ళేసరికి తరవాతి డ్యూటీ ముంచుకొచ్చేది.

డ్యూటీలో కళ్ళు మూసుకుని దొరికితే పోస్టింగు గడువు పొడిగిస్తారు. పొడిగిస్తే నిద్ర ఇంకా తగ్గుతుంది. తగ్గితే మళ్ళీ కళ్ళు మూతలు పడతాయి. మళ్ళీ పొడిగిస్తారు. కొమ్మచ్చి అనే కోతి ఈ సుడిలో పడి తేలలేకపోయాడు. చిన్నప్పుడు అతని చేత సూది పొడిపించుకున్న లేడిపిల్లలు పెళ్ళిళ్ళయి తమ పిల్లల్ని ఎత్తుకొచ్చినా, సూది పట్టుకుని అక్కడే ఉన్నాడు.

దూదిపింజ సంగతి వేరు. ఆమె కుందేలు. కుందేళ్ళకి కళ్ళు తెరుచుకునే కునుకు తీయడం వచ్చు. కానీ అది సగం నిద్రే. ఒక చెవి నిలబడి మేలుకునే ఉంటుంది, అలసట అరకొరగా తీరుతుంది. కళ్ళు మూసుకుని, చెవులు వాల్చుకుని, ఎవరూ లేపకుండా పడుకునే నిద్ర కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. వానలు వెళ్ళిపోతే పోస్టింగు అయిపోతుంది. అప్పటిదాకా ఎవరి కంటా పడకపోతే చాలు, పచ్చిక బయలులో తన బొరియకి పోయి కళ్ళు మూసుకోవచ్చు. ఆమె కోరికల్లా అంతే.

ఇంతలో కొమ్మచ్చి కొంప ముంచాడు. దుప్పి విరిగిన కాలికి కట్టు కట్టమంటే, నిద్రమత్తులో మంచం కోడుకి కట్టు కట్టేశాడు. కట్టి, జాగ్రత్తగా ఉండమని, బరువు మోపొద్దని కోడుకే చెప్పి వెళ్ళిపోయాడు. దుప్పి కుంటుకుంటూ మృగరాజు దగ్గరికి పోయి, మంచానికి బాగానే తగ్గింది ప్రభూ, నాకే తగ్గలేదు అని మొరపెట్టుకుంది.

మృగరాజుకి ఆ పూట తీరిక ఉండి న్యాయం చెయ్యాలనిపించింది. డాక్టర్లు క్షేమంగా లేకపోతే రోగులెలా క్షేమంగా ఉంటారు, వాళ్ళ క్షేమం వెంటనే చూడండి అని ఆజ్ఞ ఇచ్చాడు.

గుబురయ్య హౌస్ సర్జన్లని పిలిచి, ఏం కావాలో నిర్భయంగా చెప్పమన్నాడు. దూదిపింజే నోరు విప్పింది.

"వంతులు వేసుకుంటాం సార్. సగంమంది పని చేస్తే సగంమంది పడుకుంటారు. అంతకన్నా ఏమీ వద్దు."

గుబురయ్యకి నవ్వు ఆగలేదు. "నిద్రపోవడానికి డాక్టరీ ఎందుకమ్మా? మా రోజుల్లో నిద్ర గురించి పుస్తకాల్లో చదివాం, అంతే." అని ఆవులించి, తన గదిలోకి పోయి మధ్యాహ్నం కునుకు తీశాడు.

లేచాక ఆయనకి ఒక ఉపాయం తట్టింది. డ్యూటీలు కదపకుండా క్షేమం చూపించాలి. దానికి పింఛారావు అనే నెమలిని క్షేమాధికారిగా వేశాడు. పింఛారావుకి వైద్యం రాదు గానీ వేదిక ఎక్కడం వచ్చు.

క్షేమ కార్యక్రమం ధూంధాంగా మొదలైంది. డ్యూటీ దిగినవాళ్ళంతా మైదానానికి రావాలి. రానివాళ్ళకి పోస్టింగు పొడిగింపు. అక్కడ అందరూ వరసగా నిలబడి గట్టిగా నవ్వాలి. తరవాత పింఛారావు పురి విప్పి ఆడతాడు, వీళ్ళూ ఆడాలి. ఆ తరవాత ఆరోగ్యానికి నిద్ర ఎంత అవసరమో ఆయన ఉపన్యాసం ఇస్తాడు. సరిగ్గా వాళ్ళకి పడుకోవడానికి మిగిలిన ఆ కాస్త సమయం చూసి ఇస్తాడు.

నవ్వుతూ నవ్వుతూ ముంగిస ఏడ్చేసింది. ముళ్ళపంది పక్కవాళ్ళ మీద తూలిపడితే పక్కవాళ్ళంతా అదే ఆసుపత్రిలో చేరారు. వాళ్ళకి కట్లు కట్టడం మిగిలిన హౌస్ సర్జన్లకే పడింది. మంచం కోళ్ళకి మాత్రం ఏ లోటూ జరగలేదు.

దూదిపింజ ముందు వరసలో కూర్చుని, ఉపన్యాసం మొదటి మాటకే కళ్ళు తెరుచుకుని నిద్రపోయేది. పింఛారావుకి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో తన ఉపన్యాసాన్ని రెప్ప వాల్చకుండా విన్న ప్రాణిని ఆయన చూడలేదు. వెంటనే ఆమెకి ఆనంద వైద్యురాలు అని బిరుదిచ్చి, మెడలో పూలదండ వేసి, ఇక నుంచి రోజూ వేదిక మీదే కూర్చోమన్నాడు. దండ వేసినప్పుడు కూడా ఆమె లేవలేదు. ఎంత వినయమో అని అందరూ చెప్పుకున్నారు.

కొమ్మచ్చికి ఆశ పుట్టింది. తుమ్మజిగురుతో రెప్పలు పైకి అంటించుకుని దర్జాగా ముందు వరసలో కూర్చున్నాడు. కళ్ళు చక్కగా తెరుచుకునే ఉన్నాయి. గురక మాత్రం మైదానం చివరిదాకా వినబడింది. అతని ఖాతాలో ఇంకో పొడిగింపు పడింది.

"నీకేమే దూదీ, నువ్వు పుట్టుకతోనే ఆనందానివి" అన్నాడు జిగురు పీక్కుంటూ.

కొన్నాళ్ళకి మృగరాజే కార్యక్రమం చూడడానికి వచ్చాడు. అంతకు కొన్ని రోజుల ముందే కాలిలో ముల్లు దిగి, ఆయన సరిగ్గా పడుకోలేదు. దారిలో కనిపించినవాళ్ళందరి మీదా గర్జిస్తూ వచ్చాడు. ముల్లు అక్కడికక్కడే తీశారు గానీ చిరాకు పోలేదు. వేదిక ఎక్కి ఆనంద వైద్యురాలి ఎదుట కూర్చున్నాడు.

"నీ ఆనందానికి కారణమేమిటమ్మా?" అని అడిగాడు.

దూదిపింజ అప్పటికే కునుకులో ఉంది. జవాబు రాలేదు. రాజు అడిగితే మాట్లాడకపోవడం ఆ అడవిలో ఎవరికీ కలిసిరాలేదు.

పింఛారావు చటుక్కున అందుకున్నాడు. "అదే జవాబు ప్రభూ. ఆ కళ్ళలోకే చూస్తూ ఉండండి."

రాజు చూశాడు. పెద్ద పెద్ద కళ్ళు, రెప్ప కొట్టడం లేదు, కోపం లేదు, భయం లేదు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన తల ఒరిగింది. జూలు దూదిపింజ పాదాల మీద పడింది. లేపే ధైర్యం ఎవరికుంది? మంత్రులు, సేనాపతులు, గుబురయ్య, పింఛారావు అందరూ మర్నాడు మధ్యాహ్నందాకా కాళ్ళు పీకుతున్నా నిలబడే ఉన్నారు. నిలబడి డ్యూటీ చెయ్యడమంటే ఏమిటో వాళ్ళకి మొదటిసారి తెలిసింది. తెలిసింది గానీ, గుర్తుండలేదు.

మృగరాజు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. ఎవరి మీదా గర్జించలేదు. ఎదురుగా ఉన్న దుప్పిని పలకరించి, కాలెలా ఉందని కూడా అడిగాడు. దుప్పి భయంతో బాగుందనేసింది. ఇది ఏం వైద్యం అని రాజు దూదిపింజని అడిగాడు.

వానలు వెళ్ళిపోబోతున్నాయి. నోరు మూసుకుంటే బొరియకి చేరుతుంది. కానీ రెప్పలకి జిగురంటిన కొమ్మచ్చి ఎదురుగా తూలుతున్నాడు. ముంగిస కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర ప్రభూ. పని చేసే డాక్టర్లకి మీరు ఇప్పించాల్సిందీ అదే."

మృగరాజులకి మొదటి మాటే వినబడుతుంది. ఆయన పొంగిపోయి ఆసుపత్రిలో నిద్రవార్డు తెరవమన్నాడు. రాజ్యభారం మోసి అలసినవాళ్ళందరూ అందులో చేరవచ్చన్నాడు.

రాజ్యభారం మొయ్యనివాళ్ళు ఎవరున్నారు గనక? మంత్రులు చేరారు, వాళ్ళ బావమరుదులు చేరారు. క్షేమం చూసీ చూసీ తానూ అలసిపోయానని పింఛారావు చేరాడు. పరుపులు మెత్తగా ఉన్నాయని తెలిసి గుబురయ్య కూడా చేరిపోయాడు. హౌస్ సర్జన్లంతా ఈగలు తోలుతూ, విసురుతూ వాళ్ళ నిద్రకి కాపలా కాశారు.

కాస్తుండగా ముంగిసకి ఒక సంగతి తట్టింది. సూపరింటెండెంటు నిద్రపోతుంటే రౌండ్సు ఎవరు చేస్తారు? రౌండ్సు లేకపోతే పట్టుకునేదెవరు? క్షేమాధికారి కూడా నిద్రలోనే ఉన్నాడు, కాబట్టి క్షేమ కార్యక్రమమూ లేదు. ఎవరినీ అడక్కుండానే వంతులు వేసుకున్నారు. సగంమంది పని, సగంమంది నిద్ర. చూస్తుండగానే ఆసుపత్రి బాగుపడింది. కట్లు కాళ్ళకే పడుతున్నాయి. దుప్పి మళ్ళీ వచ్చి, ఈసారి తన కాలికే కట్టించుకుని వెళ్ళింది. కొమ్మచ్చి నిద్ర లేచి, తను ఇంత తెలివైనవాడినని ఇన్నాళ్ళూ తెలియలేదే అని ఆశ్చర్యపోయాడు.

దూదిపింజ వంతు వచ్చింది. గుబురయ్య మంచం పక్కనే, గచ్చు మీద పడుకుంది. చెవులు వాల్చింది. ఆసుపత్రిలో చేరాక మొదటిసారి కళ్ళు మూసుకుంది. లోకమంతా ఒక్కసారిగా మెత్తబడిపోయింది. అంత హాయి ఆమె మళ్ళీ ఎరగదు.

అప్పుడే గుబురయ్యకి కలలో తేనెపట్టు చెయ్యి జారి మెలకువ వచ్చింది. లేవగానే కనిపించిందేమిటి? డ్యూటీ గంటల్లో కళ్ళు మూసుకున్న డాక్టరు.

ఆమెని తట్టి లేపి నిలబెట్టాడు. మెత్తటి పరుపు మీద కూర్చుని బాధ్యత గురించి చెప్పాడు. మా రోజుల్లో అని మొదలుపెట్టి ఆ రోజులన్నీ చెప్పాడు. పోస్టింగు పొడిగించానని, అది కూడా ఈ నిద్రవార్డులోనే చెయ్యాలని, రోజూ తను లేచాక ఇలాగే నిలబడి తన మాటలు వినాలని శిక్ష వేశాడు.

దూదిపింజ తల ఎత్తి, కళ్ళు విప్పార్చుకుని, కదలకుండా వింది. ఇంత శ్రద్ధగా వినే పిల్లకి ఒక్క రోజు కళ్ళు మూసుకునే బుద్ధి ఎలా పుట్టిందో గుబురయ్యకి అంతుపట్టలేదు. ఆ శ్రద్ధకి మురిసి ఇంకాసేపు చెప్పాడు. చెబుతూ ఉన్నంతసేపూ ఆమె ఒక చెవి మాత్రమే నిలబడి ఉంది.

నీతి: నిద్రపోవడం తప్పు కాదు, పెద్దలు చూస్తుండగా కళ్ళు మూసుకోవడమే తప్పు.