ఓడలో ఆరేసిన బట్టలు

ఆ ఆదివారం పొద్దున్నే కళ్ళద్దాల షాపాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. మధ్యాహ్నం అక్క వచ్చేలోగా ఆ అంతరిక్ష సీరియల్ చివరి సీజన్ చూసేయాలి. వీలైతే బాగుందని ఒప్పుకోవాలి.

చిన్నప్పుడు అమ్మ ఉతికిచ్చిన బట్టలు ఆరేసి పరుగున వచ్చి, ఒకే దుప్పటి కప్పుకుని ఆ సీరియల్ చూసేవారు అక్కాతమ్ముళ్ళు. పెద్దయ్యాక వచ్చిన చివరి సీజన్ దగ్గర చెడింది. అద్భుతమంది అక్క. మొదటి భాగానికే లేచి వెళ్ళిపోయిన తమ్ముడు చెత్తన్నాడు. అప్పట్నుంచీ పొడిపొడి మాటలే. ఇప్పుడు అక్కకు దూరపు ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది, వెళ్ళేముందు చెప్పిపోడానికి వస్తోంది.

"ఊరికే బాగుందని చెప్పేయొచ్చుగా," అంది భార్య.

"చూడకుండా ఎలా చెప్పను?"

బయట సన్నగా వాన. తెర మీద నీలిచీకట్లో ఓడ తేలిపోతోంది. ఆ అక్కాతమ్ముళ్ళ వంశంలో ఒక గుణముంది. నిటారుగా కూర్చుని, కళ్ళు సగం తెరిచే నిద్రపోతారు. ఆ సంగతి వాళ్ళకే తెలియదు.

అక్క గుమ్మంలో గొడుగు ముడుస్తుండగానే తమ్ముడు ఎదురెళ్ళాడు.

"నువ్వే కరెక్టక్కా. కెప్టెన్ ఓడంతా తాళ్ళు కట్టి, పోయినవాళ్ళ చొక్కాలు ఉతికి ఆరేస్తాడు చూడు. అవి గాలికి మనుషుల్లా ఊగుతుంటే ఏడుపొచ్చేసింది."

అక్క కళ్ళు చెమర్చాయి. "ఆ ఆరేసే సీన్ కోసమేరా నేను ఇన్నేళ్ళూ నీతో పోట్లాడింది."

"అంతరిక్షంలో గాలెక్కడిది వదినా?" అంది భార్య.

చూపిద్దామని అక్క రిమోట్ అందుకుంది. సీజనంతా ముందుకీ వెనక్కీ తిప్పింది. తాడూ లేదు, చొక్కా లేదు.

"కోసేశార్రా."

రోగుల చేత ఊపిరి బిగబట్టించే ఎక్స్‌రే గది గొంతుతో అక్క కస్టమర్ కేర్‌ను నిలదీసింది. అవతలి అమ్మాయి భయపడి, ఆ సీన్ తనకూ గుర్తుందంది. తమ్ముడు ఫోన్ ముక్కుకు ఆనించుకుని అభిమానుల గ్రూపులో రాశాడు. టీ చల్లారేలోగా సంతకాల సేకరణ మొదలైంది. చొక్కాలు నీలమని ఒకాయన, బూడిదరంగని ఇంకొకాయన తిట్టుకుని గ్రూపు రెండుగా చీలింది. ఇంత గొడవలోనూ భార్య టీవీ ముందు నుంచి కదల్లేదు. అంతా అయ్యాక వంటింట్లోకి వెళ్ళి, కళ్ళజోడుతో వచ్చింది.

"ఏవండీ, ఇది పొద్దున్నుంచీ పంచదార డబ్బా పక్కనే ఉంది. ఇది లేకపోతే మీకు టీవీ ఎక్కడుందో కూడా కనబడదు. మరి చొక్కాలెలా కనబడ్డాయి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని టీవీ వంక చూశాడు. "అయితే అది కలా?" అని అక్కవైపు తిరిగాడు. "మరి నువ్వెలా చూశావే?"

అక్క గొడుగు వంక చూసింది. "అప్పుడు ఒళ్ళో చంటిపిల్ల ఉందిరా. కన్నంటుకుందేమో. నాకు చొక్కాలు కాదు, మన దుప్పటి కనబడింది. ఓడ పొడుగునా ఆరేసుంది."

తమ్ముడు లోపలికెళ్ళి ఒక దుప్పటి తెచ్చాడు. ఈసారి సరిగ్గా చూద్దామని ఇద్దరూ దాన్ని కప్పుకుని టీవీ ముందు నిటారుగా కూర్చున్నారు. పేర్లు పడుతుండగానే రెండు జతల కళ్ళూ సగానికి వాలాయి.

ఆ ఇంట్లో చివరి సీజన్ మొత్తం మెలకువతో చూసింది భార్య ఒక్కతే. ఎలా ఉందని ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.