నలభయ్యో సర్టిఫికెట్

ఆ రోజు చెయ్యాల్సిన పనులు ఇవి: బూడిదరంగు కోటు తొడుక్కోవాలి, కానీ ముడత పడనివ్వకూడదు. బైండరు దగ్గర నుంచి సిద్ధాంత గ్రంథం ప్రతులు నాలుగూ తెచ్చుకోవాలి. పది గంటలకు సమయపాలన శిక్షణలో కూర్చోవాలి. ఒంటిగంటకు దాని సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. నాలుగు లోపల పరిశోధన కార్యాలయం కిటికీలో గ్రంథమూ సర్టిఫికెట్టూ కలిపి ఇచ్చి రసీదు తీసుకోవాలి. నాన్నకు ఫోన్ చెయ్యాలి. ఏడవకూడదు.

ఈ జాబితా రాసుకున్న అమ్మాయిని విశ్వవిద్యాలయంలో అందరూ మరకలమ్మాయి అంటారు. నూనె మరక నూలు బట్టను ఎలా పట్టుకుంటుంది, ఏం చేస్తే వదులుతుంది అన్న విషయం మీద ఆమె ఆరేళ్లు పనిచేసింది. వాళ్ల నాన్నది ఇస్త్రీ దుకాణం. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఈ రోజు కోసం పెద్దమ్మ కూతురి కోటు అరువు తెచ్చి, నాన్న దాన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసి, హ్యాంగరుతో సహా బస్సులో పంపించాడు. ఆ కోటు వేసుకుంటే ఎవరైనా నిటారుగానే నడవాలి. వంగితే మడతకు కోపం వస్తుందేమో అన్నట్టు ఉంటుంది.

పరిశోధక విద్యార్థులు వట్టి పరిశోధన చేస్తే చాలదనీ, వృత్తిపరంగా వికసించాలనీ పైవాళ్లకు ఒకనాడు తోచింది. ముప్పై గంటలు వికసించినట్టు కాగితాలు చూపిస్తేనే గ్రంథం పుచ్చుకుంటారు. మరకలమ్మాయి ఇరవై ఏడు గంటలు వికసించింది. 'నీలోని నాయకుణ్ణి నిద్రలేపు' అన్నదానికి ఆరు గంటలు, 'అపరిచితులతో టీ తాగడం ఎలా' అన్నదానికి నాలుగు, 'మర్యాదగా మెయిలు రాయడం'కు రెండుసార్లు వెళ్లింది. రెండోసారి ఎందుకంటే మొదటిసారి సర్టిఫికెట్లో తేదీ పడలేదు. ఇక మిగిలింది మూడే గంటలు. ఆ ఏడాదికి ఇదే ఆఖరి శిక్షణ, గ్రంథానికి ఇదే ఆఖరి రోజు. ఇవాళ తప్పితే మళ్లీ ఏడాదికి నమోదు చేసుకోవాలి. 'ఇంకా ఎన్నాళ్లమ్మా?' అని నాన్న ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే ఆమెకు భయం.

తొమ్మిదిన్నరకే ఆమె హాలు దగ్గరుంది. హాలును చూసుకునే పెద్దావిడ కుర్చీలు సర్దుతోంది. ఆవిడను అందరూ హాలమ్మ అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ హాలు తాళాలు ఆవిడ కొంగునే ఉన్నాయి.

"వచ్చావా మరకలమ్మా? ముందు సంతకం పెట్టు" అంటూ రిజిస్టరు చాచింది.

"ఇంకా ఎవరూ రాలేదు కదత్తా. పెడతాలే."

"అందరూ వచ్చాక పెన్ను ఉండదు. నా మాట విను."

ఒకటో నంబరు ఎదురుగా సంతకం పెట్టి, టైము కూడా వేసింది. హాలమ్మ మంచినీళ్ల సీసాల కోసం కిందికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే సమన్వయకర్త చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. కొత్తగా చేరిన యువ అధ్యాపకుడాయన. ఈ కార్యక్రమం ఆయన నెత్తిన పెట్టారు. పిలిచిన నిపుణుణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు. మెయిల్లో రెండు పొడి అక్షరాలూ ఒక ఇంటిపేరూ తప్ప ఏమీ లేవు. ఆడో మగో తెలియక అన్ని ఉత్తరాల్లోనూ 'తమరు' అని నెట్టుకొచ్చాడు.

ఆయన ఎదురుగా, అరగంట ముందే వచ్చి, మడత చెదరని కోటుతో, నాలుగు లావుపాటి పుస్తకాలు గుండెలకు హత్తుకుని ఒక మనిషి నిలబడి ఉంది. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో శిక్షణకు అరగంట ముందు వచ్చిన విద్యార్థి లేడు. కాబట్టి ఆయన అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు.

"మేడం! వచ్చేశారా! సమయపాలన అంటే ఇదీ! రండి రండి, పుస్తకాలు ఇలా ఇవ్వండి."

"సార్, నేను..."

"మీరేం మాట్లాడకండి మేడం, గొంతు దాచుకోండి. మూడు గంటలు మాట్లాడాలి. డీన్ గారు వచ్చేస్తున్నారు, ఆయనకు పదీ పదికి ఇంకో ప్రారంభోత్సవం ఉంది."

డీన్ గారు రావడమూ, పూలగుత్తి ఆమె చేతికి రావడమూ, ఫోటో తీయడమూ ఒక్క నిమిషంలో అయిపోయాయి. "ఇంత చిన్న వయసులో ఇంత పేరు! మా పిల్లలు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి" అని డీన్ గారు ఆశీర్వదించి, పూలగుత్తి తిరిగి తీసుకుని తరవాతి ప్రారంభోత్సవానికి వెళ్లిపోయారు. అది ఒక్కటే గుత్తి.

మరకలమ్మాయి సమన్వయకర్త చెవి దగ్గరికి వంగింది. కోటు మడత కొంచెం నలిగింది.

"సార్, నేను రసాయనశాస్త్రం స్కాలర్ని. వినడానికి వచ్చాను."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడా తల్లీ చెప్పడం?"

"మీరు గొంతు దాచుకోమన్నారు సార్."

ఆయన నిపుణుడికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. 'నేను ఫోను రోజుకు రెండుసార్లే చూస్తాను, సమయం విలువైనది' అని ఆ నిపుణుడి మెయిలు కింద ఎప్పుడూ ఉండే వాక్యం అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. ఈలోగా విద్యార్థి సంఘంలో ఘనతల కార్యదర్శి తన పని తాను చేసేశాడు. తోటివాళ్లలో ఎవరు ఏం సాధించినా, ఏం సాధించకపోయినా పది నిమిషాల్లో సంఘం పేజీలో పెట్టడం అతని బాధ్యత. 'ప్రఖ్యాత సమయపాలన నిపుణురాలితో డీన్ గారు' అన్న ఫోటోకు అప్పటికే రెండు వందల చప్పట్లు పడ్డాయి.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు సమన్వయకర్త. "నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. డీన్ గారు తప్పు మనిషికి పూలిచ్చారని తెలిస్తే నా బతుకు బస్టాండే. ఏదో ఒకటి మాట్లాడు."

"మరి నా సర్టిఫికెట్టు సార్?"

"అది నేను చూసుకుంటాగా!"

'నేను చూసుకుంటాగా' అన్న మాట విన్న తరవాత మనిషి రాతపూర్వకంగా అడగాలి. ఆ సంగతి 'మర్యాదగా మెయిలు రాయడం'లో రెండుసార్లు చెప్పారు. కంగారులో ఆమెకు గుర్తు రాలేదు.

ఆమె మైకు ముందు నిలబడింది. ఎదురుగా ముప్పై తొమ్మిది మంది, సగం మంది అప్పుడే ఫోన్లలోకి తల దూర్చారు. ఏం చెప్పాలో తోచక తనకు తెలిసిన ఒకే ఒక సమయపాలకుడి సంగతి మొదలుపెట్టింది.

"మా నాన్న ఇస్త్రీ చేస్తాడు. పొద్దున్నే పెట్టె స్విచ్ వేసి, అది కాగేదాకా ఊరికే కూర్చోడు. గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టు బట్టలు చేసేస్తాడు. బాగా కాలాక నూలు ప్యాంట్లు, దుప్పట్లు. ఆఖరున స్విచ్ కట్టేశాక మిగిలిన వేడికి జేబురుమాళ్లు. మనం గడియారం చూసి పని చేస్తాం. ఆయన వేడి చూసి చేస్తాడు."

ఒకరిద్దరు తలలెత్తారు.

"అర్జెంటు అని వచ్చిన ప్రతి మనిషినీ మా నాన్న ఒకటే అడుగుతాడు, 'ఎప్పుడు తొడుక్కుంటారండీ?' అని. ఎల్లుండి అంటే అది అర్జెంటు కాదు, కంగారు."

నవ్వులు వినిపించాయి. ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. అంతలో తలుపు దగ్గర, బట్టతలా తోలు సంచీ ఉన్న ఒకాయన హాలమ్మతో ఏదో గుసగుసగా వాదించడం వేదిక మీంచి ఆమెకు కనిపించింది. చివరికి ఆయన కూడా సంతకం పెట్టాడు. పెట్టి రెండడుగులు వేశాడో లేదో సమన్వయకర్త విరుచుకుపడ్డాడు.

"టైం మేనేజ్‌మెంట్ క్లాసుకు ముప్పావు గంట లేటా? ఈ వయసులో చదువుకుంటున్నారు, సంతోషం, కాస్త టైముకు రావద్దూ? కూర్చోండి!"

హాలంతా గొల్లుమంది. ఆయన తోలు సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. పాపం, తరవాత నోట్సు కూడా రాసుకున్నాడు.

విరామంలో మరకలమ్మాయి ఫోను మోగింది. వాళ్ల గైడు.

"ఏమ్మా, నాకు తెలియకుండానే ప్రఖ్యాతి చెందావా?"

"అది కాదు సార్, పొరపాటున..."

"పొరపాటో గ్రహపాటో, కింద గైడు పేరు వెయ్యలేదేం? ఆ కార్యదర్శికి చెప్పాను. 'ఫలానా వారి శిష్యురాలు' అని చేరుస్తున్నాడు."

ఒంటిగంటకు సర్టిఫికెట్లు పంచారు. పేరు రాసే చోట గీత పెట్టి నలభై అచ్చు వేయించారు. ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి. నలభయ్యోది బట్టతలాయన చేతికి వెళ్లింది. మరకలమ్మాయికి ఒక జ్ఞాపికా, అందమైన ప్రశంసాపత్రమూ ఇచ్చారు. 'అద్భుతంగా ప్రసంగించినందుకు' అన్న వాక్యం మీద రెండు పొడి అక్షరాలూ ఒక ఇంటిపేరూ బంగారు రంగులో ముందే అచ్చయి ఉన్నాయి.

"సార్, హాజరైనట్టు కాగితం కావాలి నాకు. ఇది కాదు."

"మాట్లాడినవాళ్లకు విన్నట్టు ఇస్తే తనిఖీలో పట్టుకుంటారమ్మా. అయినా నలభై అయిపోయాయి. నువ్వొక దరఖాస్తు పెట్టు, వచ్చే కమిటీలో..."

"కమిటీ ఎప్పుడు సార్?"

"రెండు నెలల్లో తప్పకుండా."

మూడున్నరకు ఆమె కార్యాలయం కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి ప్రశంసాపత్రం తిప్పితిప్పి చూశాడు.

"ఇది మాట్లాడినట్టు ఉంది. విన్నట్టు లేదు."

"మాట్లాడినవాళ్లు అక్కడే ఉంటారు కదండీ, వినరా?"

"మాట్లాడేవాళ్లు వింటారని నిబంధనల్లో ఎక్కడా లేదమ్మా. పైగా పేరు నీది కాదు. అరగంటలో కిటికీ మూసేస్తాను."

ఆమె నాలుగు గ్రంథాలూ కిటికీ గట్టు మీద పెట్టి పక్కకు తిరిగింది. జాబితాలో ఆఖరి పని, ఏడవకుండా ఉండడం, చేతులు దాటేలా ఉంది. అప్పుడు ఫోను మోగింది. నాన్న.

"ఇచ్చేశావా తల్లీ?"

"ఇస్తున్నా నాన్నా. కిటికీ దగ్గరే ఉన్నా."

"సరే సరే, కంగారు పడకు. వేడి చూసుకో" అని ఆయన పెట్టేశాడు.

అదే సమయానికి హాలమ్మ రిజిస్టరు అప్పజెప్పడానికి వచ్చింది. ఆవిడ వెనకాలే తోలు సంచీతో బట్టతలాయన.

"ఇదిగో, ఈయన గోల చూడు" అంది హాలమ్మ. "పొద్దున తలుపు దగ్గర 'నేనే మాట్లాడాల్సినవాణ్ణి' అన్నాడు. లేటుగా వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి అంటార్లే, ముందు సంతకం పెట్టమన్నాను. ఇప్పుడు గుర్తింపు కార్డు చూపిస్తున్నాడు. నిజంగా ఆయనేనట!"

నిపుణుడు నేల చూపులు చూశాడు. "పక్క బిల్డింగులో అధ్యాపకుల నాయకత్వం క్లాసులో కూర్చున్నానండీ, నా పేరు పిలుస్తారని. ఎంతసేపటికీ పిలవలేదు. ఇక్కడికొచ్చేసరికి మీరు బ్రహ్మాండంగా చెబుతున్నారు. అందరిముందూ ఆయన తిట్టాక ఇంకేం చెప్పుకోను? కానీ నా ప్రమోషన్ ఫైల్లో ఈ ప్రసంగం రాసేసుకున్నాను. ఆ కాగితం లేకపోతే..."

"మరి ఇచ్చిన కాగితం ఏది?" అంది హాలమ్మ.

ఆయన నలభయ్యో సర్టిఫికెట్ తీశాడు. గీత మీద పేరు లేదు. సిగ్గుతో రాసుకోలేదు.

హాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆయన కాగితం నీ దగ్గరుంది. నీ కాగితం ఆయన దగ్గరుంది. దీనికి కూడా ఆరేళ్లు పరిశోధన చెయ్యాలా?"

మరకలమ్మాయి చెయ్యి సగంలో ఆగింది. "అబద్ధం కాదా అత్తా?"

"మూడు గంటలూ ఆ గదిలో ఉన్నావా?"

"ఉన్నా."

"నువ్వు చెప్పింది నువ్వు విన్నావా?"

"విన్నా."

"అయితే నీది నిజమే. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు."

ఆయన అప్పటికే ప్రశంసాపత్రాన్ని రెండు చేతులా అందుకున్నాడు. మరకలమ్మాయి గీత మీద తన పేరు రాసింది. గుమాస్తా రిజిస్టరు తెరిచి చూశాడు. ఒకటో నంబరు, తొమ్మిదీ ముప్పై రెండు, సంతకం. ఇంత పెందలాడే వచ్చిన అభ్యర్థిని అనుమానించడానికి ఆయనకు నిబంధన దొరకలేదు. నాలుగుకు నాలుగు నిమిషాలుండగా ముద్ర పడింది, రసీదు చిరిగింది.

కాగితాల ప్రకారం ఆ రోజు అంతా అనుకున్నట్టే జరిగింది. నిపుణుడు ప్రసంగించాడు, విద్యార్థిని విన్నది, నలభై సర్టిఫికెట్లకూ లెక్క కుదిరింది. సాయంత్రానికి సంఘం పేజీలో ఫోటో తీసేసి, 'నిపుణుడి అద్భుత ప్రసంగం, ఫలానా గైడు గారికి అభినందనలు' అని పెట్టారు. ఆరేళ్ల గ్రంథం ఇచ్చిన సంగతి పెట్టలేదు. ఘనతలు నింపే ఫారంలో అందుకు గడి లేదు.

ఆ సంగతి నాన్నకు మాత్రం ఆమె ఫోన్ చేసి చెప్పింది. ఆయన అంతా విని, "మడత చెదిరిందా తల్లీ?" అన్నాడు. "కొంచెం నాన్నా" అంది. జాబితాలో ఒక్క ఆఖరి పని మటుకు ఆ రోజు పూర్తి కాలేదు.

ఇందులో ఇంకెవరినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, హాలమ్మను మాత్రం గుర్తుంచుకోండి. ముప్పై ఏళ్లుగా జరిగిన ప్రతి శిక్షణకూ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా హాజరైన మనిషి ఆవిడ ఒక్కతే, ఆవిడకు సర్టిఫికెట్ లేదు. రిజిస్టరు ఆవిడ చేతిలోనే ఉంటుంది కనక సంతకం పెట్టమని ఆవిడకు చెప్పేవాళ్లెవరూ లేరు.