ఇంటి చుట్టూ ఐదడుగులు

శాన్ ఎవారిస్టో నగరంలో నిప్పు అంటుకోవడం నిషిద్ధం. ఈ సంగతిని నిప్పుకు తెలియజేసే బాధ్యత ఇంటి యజమానులది.

కొండల మధ్య ఊరు అది. ఎండాకాలం పోతూ పోతూ తూర్పు నుంచి వేడిగాలి దించిందంటే, ఎక్కడో ఒక కొండ అంటుకోవడం, జనం కుక్కల్నీ ఫోటో ఆల్బమ్‌లనీ కార్లలో పడేసుకుని పరుగెత్తడం, తర్వాత తిరిగొచ్చి బూడిదలో తమ ఇల్లు ఏదో పోల్చుకోవడం అక్కడ మామూలే. ఇలా ఎంతకాలమని నగరపాలక సంస్థ ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం, పొగ లేని ఊరైతే ప్రశాంతంగా ఆలోచించవచ్చని, సముద్రపు ఒడ్డున ఓ హోటల్లో సమావేశమై, నష్టానికి మూలకారణం ఇళ్లేనని తేల్చింది. (ఇళ్లు లేని చోట ఇళ్లు కాలిన దాఖలా ఒక్కటీ దొరకలేదట.) ఆ విధంగా గృహ పరిసర జ్వలన నివారణ విభాగం పుట్టింది. ఇంటి గోడ నుంచి ఐదడుగుల లోపు కాలే వస్తువేదీ ఉండరాదన్న నిబంధనా దానితో పాటే పుట్టింది. ఆ విభాగం ధ్రువపత్రం లేని ఇంటివైపు ఏ బీమా కంపెనీ కన్నెత్తి చూడదు.

లియోనా టారంట్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె భర్త వర్జిల్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని రోజంతా వరండాలో కూర్చుంటాడు. వాళ్లది వీధిలో చివరి ఇల్లు. దాని వెనకనున్న కొండవాలు నగరపాలక సంస్థది. ఆ వాలంతా మనిషెత్తు ఎండుపొద. రాత్రి గాలి వీచి అది గలగలమన్నప్పుడల్లా లియోనా నిద్రలోంచి లేచి కూర్చునేది. ఊరు దాటడానికి రోడ్డు ఒక్కటే. వర్జిల్‌ను కారెక్కించేసరికే ఇద్దరికీ ఆయాసం వచ్చేది.

మొదట వచ్చిన ఇన్‌స్పెక్టర్ పేరు కింబల్ స్ట్రౌడ్. ఇస్త్రీ చొక్కా, చేతిలో టేపు, నోట్లో ఎప్పుడూ చిన్న చిరునవ్వు.

"ఈ మల్లెతీగ తీసేయాలి మేడమ్."

"పెళ్లైన కొత్తలో వేసుకున్న తీగ నాయనా."

"అయితే బాగా ముదిరి ఉంటుంది. చెప్పినందుకు థాంక్యూ," అని రాసుకున్నాడు స్ట్రౌడ్.

గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే కొబ్బరిపీచు కాలిపట్టా రాసుకున్నాడు. చెక్క మెట్లు రాసుకున్నాడు. వర్జిల్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తన చేత్తో చేసిన బల్ల రాసుకున్నాడు. చివరికి అతని చూపు వర్జిల్ మీద ఆగింది.

"సార్ రోజూ ఇక్కడే కూర్చుంటారా?"

"కొలుచుకో నాయనా, నేనెక్కడికీ పారిపోను," అన్నాడు వర్జిల్.

స్ట్రౌడ్ కొలిచాడు. వర్జిల్ ఐదడుగుల లోపే తేలాడు.

"ఏంటి, నేను కూడా కాలే వస్తువునేనా?"

"నిబంధనల్లో మనుషుల ప్రస్తావన లేదు సార్. కానీ ఆ స్వెటర్ ఉన్నిది."

"విప్పేయనా?"

"అలా నేననలేదు సార్. సిఫారసు మాత్రమే."

లియోనా మల్లెతీగను మొదలంటా నరికింది. మెట్లు పీకించి సిమెంటు మెట్లు కట్టించింది. బల్లను మాత్రం తనే ఈడ్చుకెళ్లి ఐదడుగుల అవతల ఎండలో పెట్టింది. వర్జిల్ దాన్ని వరండాలోంచి, ఊరెళ్లిన చుట్టాన్ని తలుచుకున్నట్టు చూస్తుండేవాడు.

స్ట్రౌడ్ మళ్లీ వచ్చి ఇల్లంతా చుట్టి, "చాలా బాగా చేశారు," అని మెచ్చుకున్నాడు. తర్వాత గుమ్మం ముందు నిలబడి, "ఈ తలుపు చెక్కదా?" అన్నాడు.

"చెక్కదే. తలుపన్నాక చెక్కది కాక?"

"ఇంటికి ఐదడుగుల లోపే ఉంది మేడమ్."

"ఇంటికే ఉంది నాయనా!"

"నేనంటున్నదీ అదే."

ఇనుప తలుపు వచ్చింది. మధ్యాహ్నం పూట దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలేది. (చేతులు కాలడం వేరే విభాగం.)

ఆ రోజు లియోనా ఉండబట్టలేక వెనకవైపు వేలు చూపించింది. "నా కాలిపట్టా నీకు కనబడింది కదా. అంత పొద కనబడలేదా?"

స్ట్రౌడ్ కొండవాలు వైపు గౌరవంగా చూశాడు. "మాది గృహ పరిసర విభాగం మేడమ్. అక్కడ గృహం లేదు."

"పక్కనే ఉంది కదయ్యా, నాది!"

"మీ ఇంటికి ఆ వాలు పరిసరమే. కానీ ఆ వాలుకు మీ ఇల్లు పరిసరం కాదు. దాన్ని సహజ వారసత్వ విభాగం చూసుకుంటుంది."

లియోనా ఆ విభాగానికి ఫోన్ చేసింది. మూడు రకాల వాయిద్య సంగీతం విన్నాక డెల్ఫీన్ యోకమ్ అనే పరిరక్షణాధికారి పలికింది.

"ఆ పొద సహజ స్థితిలో ఉంది మేడమ్."

"ఎండిపోయి ఉందమ్మా."

"అదే దాని సహజ స్థితి."

"అంటుకుంటే?"

"అంటుకోవడానికి దానికి అనుమతి లేదు."

అయినా పౌరురాలి ఆందోళనను విభాగం తీవ్రంగా పరిగణించింది. మనుషుల్ని పంపి, వాలు మొదట్లో 'వారసత్వ పొదను తాకరాదు' అని బోర్డు పాతించింది. (చెక్క బోర్డే. అయితే ఐదడుగులకు అవతలే పాతారు కనుక వేలెత్తి చూపడానికి లేదు.)

ఎదురింటి ఆర్తురో బెటెన్‌కోర్ట్ మేకలు పెంచుతాడు. ఎవరి దొడ్డిలో గడ్డి పెరిగినా అతని మేకలు అద్దెకు వెళ్లి మేసి వస్తాయి. వీధిలో అందరికన్నా ముందు ధ్రువపత్రం తెచ్చుకున్నదీ అతనే. దాన్ని ఇనుప ఫ్రేములో బిగించి గోడకు తగిలించాడు. ఓ సాయంత్రం లియోనా వాళ్ల వరండాలో కాఫీ తాగుతూ అతను ఆ బోర్డు వంక చాలాసేపు చూశాడు.

"మేకలకు చదువు రాదు లియోనా. ఆ బోర్డు వాటికేం అర్థమవుతుంది?"

"ఏమంటున్నావు నువ్వు?"

"నేనేమీ అనట్లేదు. మా గేటు గడియ వదులైందంటున్నా."

వర్జిల్ గొట్టం సర్దుకున్నాడు. "మా వెనక కంచెకు కూడా కన్నం పడింది ఆర్తురో."

"ఎప్పుడు పడింది?" అంది లియోనా.

"ఇప్పుడే. నువ్వా తీగలు కత్తిరించే పటకారు ఎక్కడ పెట్టావో చెప్తే."

మేకలు వెళ్లాయి. తమ పని తాము శ్రద్ధగా చేశాయి. నగరపాలక సంస్థ చరిత్రలో అంత త్వరగా పూర్తయిన పని మరొకటి లేదు. వాలు గుండు కొట్టించుకున్న తలలా నున్నగా తేలింది. ఆ రాత్రి గాలి వీచినా లియోనాకు ఏ చప్పుడూ వినబడలేదు. హాయిగా నిద్రపోయింది.

డెల్ఫీన్ యోకమ్ వచ్చి వాలు చూసి కళ్లు తుడుచుకుంది. సహజ వారసత్వాన్ని అక్రమంగా మేపించిన నేరానికి, కంచె కన్నం ఎవరిదో వాళ్లకే, అంటే లియోనాకే, విచారణకు రమ్మని నోటీసు ఇచ్చింది. (మేకల వాంగ్మూలం తీసుకోబోగా అవి సహకరించలేదని నివేదికలో రాశారు.)

విచారణ కన్నా ముందు మంట వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. గాలి ఇనుప తలుపును దబదబ బాదుతోంది. ఫోన్లకు నగరపాలక సంస్థ సందేశం: 'ప్రశాంతంగా ఉండండి.' దాని వెనకే మరొకటి: 'వెంటనే వెళ్లిపోండి.' దాని వెనకే ఇంకొకటి: 'మా హెచ్చరిక మీకు నచ్చిందా? నక్షత్రాలు ఇవ్వండి.' లియోనా వర్జిల్‌ను కారెక్కించి, ఒళ్లో చిన్న సిలిండర్ పెట్టి బయల్దేరింది. వీధి మలుపు తిరగ్గానే కార్లు బారులు తీరి ఆగిపోయి ఉన్నాయి. ఊరంతా ఆ ఒక్క రోడ్డు మీదే ఉంది. పొగకు ఎండ ఎర్రబడింది. సిలిండర్ ముల్లు కిందికి జారుతోంది. వర్జిల్ పెదాలు నీలంగా మారుతుంటే లియోనా హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

ఎవరో కారు అద్దం బాదారు. ఆర్తురో. మొహమంతా మసి, వెనక బెదిరిన మేకలు.

"వెనక్కి తిప్పు లియోనా! వాలు మీదికి పోనీ! అక్కడ కాలడానికేమీ లేదు!"

లియోనా కారు తిప్పి, సొంత దొడ్లోంచి, సొంత కంచె విరగ్గొట్టుకుని వాలెక్కింది. ఆమె వెనక ఇంకో కారు, దాని వెనక మరోటి, చివరికి వీధంతా వచ్చింది. అద్దాలెక్కించుకుని అందరూ నేల వంక చూస్తూ కూర్చున్నారు. శిఖరం దాటి వచ్చిన మంట వాలు అంచు దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క, రెండు పాయలై అటూ ఇటూ పోయింది. కారు లోపల వేడికి ఊపిరాడటం లేదు. వర్జిల్ చేత్తో తడిమి భార్య వేళ్లు పట్టుకున్నాడు.

"లియోనా, ఇప్పుడు విప్పేయనా స్వెటర్?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

లియోనా ఇల్లు మిగిలింది. ఆర్తురో ఇల్లు మిగల్లేదు. గాలికి కొట్టుకొచ్చిన నిప్పురవ్వలు కప్పు కింది సందులో దూరాయి. నిబంధనల్లో కప్పు ప్రస్తావన లేదు కనుక, ఆ రవ్వలు నిబంధనలను ఉల్లంఘించలేదు. ఆర్తురో పునాది మీద నిలబడి, "నాకు సర్టిఫికెట్ ఉందే," అని రెండుసార్లు అన్నాడు, ఎవరితోనో తెలియదు. లియోనా వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. అప్పటి నుంచి అతను వాళ్ల వెనక గదిలోనే ఉంటున్నాడు.

స్ట్రౌడ్ వచ్చి బూడిద చుట్టూ టేపు పరిచి కొలిచాడు. ఆర్తురో భుజం మీద చెయ్యి వేసి, ఐదడుగుల లోపు కాలే వస్తువేదీ లేదని, ధ్రువపత్రం చెల్లుతుందని చెప్పాడు. నిజంగానే బాధపడుతూ చెప్పాడు.

నగరపాలక సంస్థ మరుసటి నెలలో సభ పెట్టింది. ముందుచూపుతో ఖాళీగా ఉంచిన కొండవాలు ఒక వీధి ప్రాణాలు కాపాడిందని ప్రకటించి, సహజ వారసత్వ విభాగానికి పతకం ఇచ్చింది. డెల్ఫీన్ యోకమ్ అందుకుంది. మర్నాడు పొద్దున్నే లియోనా విచారణ. యోకమ్ మెడలో ఇంకా పతకం ఉంది.

"వాలును మేపించింది మీరేనా మేడమ్?"

"మేకలు మేశాయి. నేను ఆపలేదు."

"జరిగిన నష్టాన్ని ఒప్పుకుంటున్నారా?"

"ఆ నష్టం మీద కూర్చునే మేమంతా బతికామమ్మా. నీ మెడలో పతకం దానికే కదా?"

యోకమ్ పతకాన్ని ఒకసారి తడుముకుంది. "అవి రెండూ వేరు వేరు ఫైళ్లు మేడమ్."

తీర్పు దయగానే వచ్చింది. జరిమానా లేదు. వాలును మాత్రం మునుపటి స్థితికి తేవాలి. అదే జాతి పొద, అంతే దట్టంగా. మొక్కలు నగరపాలక సంస్థే ఇస్తుంది, నాటడం లియోనా చేయాలి.

లియోనాకు వెటకారం చేసే ఓపిక కూడా లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"మునుపటి స్థితంటే ఎండిపోయి ఉండటం కదమ్మా. మీరిచ్చేవి పచ్చి మొక్కలు. ఎండుపొదను ఎలా నాటమంటారు?"

యోకమ్ నిబంధనల పుస్తకం తిరగేసింది. పక్కనున్న వకీలుతో గుసగుసలాడింది. తర్వాత లియోనా వైపు జాలిగా చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"పచ్చివే నాటండి మేడమ్. నీళ్లు పోయకండి, చాలు."