డెడ్‌లైన్ పుట్టిన విధంబెట్టిదనిన

గుమ్మం పక్కన నల్లబోర్డు మీద రోజుకో ఇంగ్లీషు మాట రాయించడం మేనేజరుగారి తెలివి. రాయడం మాత్రం హెడ్ క్లర్కు ఖర్మ. అర్థం, ప్రయోగం, పుట్టుక, మొత్తం మూడు లైన్లు. ఆ ఉదయం తొమ్మిదిన్నరకు బోర్డు రాసేసి, పదింటికి తన ప్రమోషన్ ఫైలు మీద మేనేజరు చేత సంతకం పెట్టించుకోవాలని ఆయన అనుకున్నాడు. సూపరింటెండెంటు కుర్చీని పదకొండేళ్ళుగా దూరం నుంచి చూసి చూసి ఆయనకు విసుగొచ్చింది.

ఆనాటి మాట డెడ్‌లైన్. అర్థం, గడువు. ప్రయోగం, 'డెడ్‌లైన్ లోపల పని ముగించవలెను.' పుట్టుక కోసం సంచిలో చెయ్యి పెడితే నిఘంటువు లేదు. పరీక్ష ఉందని కూతురు పట్టుకుపోయింది. ఇంతలో మెట్ల మీద మేనేజరు బూట్ల చప్పుడు. భయంతో హెడ్ క్లర్కు నోటికొచ్చింది రాసేశాడు. 'పూర్వం ఒక రాజుగారి కొలువులో గుమాస్తాలు స్పృహ తప్పేదాకా పనిచేసి, నేల మీద గీసిన గీత పక్కన వరసగా పడిపోయేవారు. అదే డెడ్‌లైన్.'

మేనేజరు రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

"గుమాస్తాలంటే వాళ్ళండీ. మనవాళ్ళూ ఉన్నారు, ఐదు కాకుండానే సంచులు సర్దుతారు. మూడింటికి పెద్దాఫీసరుగారు వస్తున్నారు, నా స్పీచిలో ఇదే చెప్తాను. మీ ఫైలు కూడా ఆయన ఎదురుగానే సంతకం పెడతాను."

పదకొండింటికి, పని ముగియనిదే ఎవరూ గీత దాటరాదని సర్క్యులర్ వచ్చింది. పన్నెండింటికి హాలు మధ్యలో ఎర్రరంగు గీత వచ్చింది. హెడ్ క్లర్కు భోజనం మానేసి పక్కవీధి లైబ్రరీకి పరుగెత్తి, లావుపాటి నిఘంటువు తిరగేసి, ఉన్న సంగతి పట్టుకొచ్చాడు.

"సార్, పొద్దున రాసింది నేను కల్పించింది. అసలైతే ఏదో యుద్ధంలో ఖైదీల శిబిరంలో గీత ఉండేదట. దాటితే కాల్చి చంపేవారట."

"ఆఫీసరుగారి ముందు ఇది చెప్పమంటారా? ఏదైనా నమ్మేలా ఉండాలండీ."

"నిఘంటువులో ఉంది సార్."

"అది రాసినాయన మన ఆఫీసులో పనిచేశాడా?"

మూడింటికి స్పీచి అయింది, చప్పట్లు మోగాయి. సంతకానికి మేనేజరు పెన్ను మూత తీశాక పెద్దాఫీసరు, "ఈ రాజుగారి సంగతి ఎక్కడ చదివారు?" అన్నాడు. మేనేజరు హెడ్ క్లర్కును చూపించాడు. ఏదో పుస్తకంలో చదివానంటే కుర్చీ తనదే. పాపం, అబద్ధం ఒక్కసారే చాలనుకున్నాడేమో, ఆయన గొంతు సవరించుకుని ఖైదీల సంగతంతా చెప్పాడు.

"అంటే మాది జైలంటారా?" అన్నాడు పెద్దాఫీసరు.

అప్పుడు టైపిస్టు వినయంగా లేచింది.

"సార్, రాజుగారి సంగతి నిజమేనండీ. మా తాతగారి పుస్తకంలో చదివాను. ఆ గీత సున్నంతో గీసేవారట."

సున్నం మాట విన్నాక ఎవరికీ అనుమానం మిగల్లేదు. తీసిన పెన్ను మూత వృథా పోకుండా, ఫైలు మీద పేరొక్కటి మార్చి సంతకం చేశారు.

మర్నాడు కొత్త సూపరింటెండెంటుగారు జారీ చేసిన మొదటి ఉత్తర్వు ప్రకారం, హెడ్ క్లర్కు ఇకపై ఏ మాట పుట్టుక రాసినా, అది నిజమేనని ముందుగా ఆవిడ చేత సంతకం పెట్టించుకోవాలి.