రెండు వందల ఎనభై ఏడు ముక్కల పితృప్రేమ

మీకు పిల్లల మీద నిజంగా ప్రేమ ఉంటే ఈ ఆదివారమే ఒక బొమ్మరిల్లు కిట్టు కొనండి. ప్రేమ లేకపోతే బంతి కొనివ్వండి. బంతి కొనిస్తే పిల్లలు దాన్ని తీసుకుని బయటికి పోతారు, ఆడుకుంటారు, చెమటలు కక్కుతూ సంతోషంగా తిరిగి వస్తారు. ఇందులో తండ్రికి దక్కే గౌరవం ఏముంది?

నేనూ చిన్నప్పుడు ధారూర్ దగ్గర మా ఊళ్లో మేకల వెంట తిరుగుతూ ఇళ్లు కట్టినవాణ్నే. నాలుగు కందికట్టెలు, గుప్పెడు తడిమట్టి, పైన మోదుగాకు. పది నిమిషాల్లో గృహప్రవేశం! మాన్యువల్ లేదు, గమ్ము లేదు, ముక్కలకు నంబర్లు లేవు. మా నాయన దేవప్ప ఆ ఇళ్ల పక్కనుంచే మేకలను తోలుకుపోయేవాడు తప్ప, ఒక్కనాడూ ఆగి 'గోడ వంకర పోయింది' అని చెప్పిన పాపాన పోలేదు.

తండ్రి అవసరమే లేని ఆట కూడా ఒక ఆటేనా? ఆ లోటుతోనే పెరిగి, చదివి, ఇవాళ వికారాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటున్నాను. మా అమ్మాయి ప్రణవికి మాత్రం ఆ లోటు రానివ్వకూడదని నిశ్చయించుకున్నాను.

ప్రణవికి ఎనిమిదేళ్లు నిండుతున్న శుభసందర్భంలో కిట్టు ఎంపిక మొదలైంది. నేను ప్రజాస్వామ్యవాదిని. ఎంపిక హక్కు పూర్తిగా పాపకే ఇచ్చేశాను. ఫోన్‌లో నాలుగు వందల మోడళ్లు చూపిద్దామని కూర్చుంటే, మూడో మోడల్ దగ్గరే ఆగిపోయింది. మొత్తం పన్నెండు ముక్కలు. ఒకటే గది, వాలు కప్పు, ముందు కాస్త ఖాళీ జాగా. 'ఐదేళ్లు దాటిన పిల్లలకు' అని రాసి ఉంది.

"గిది మస్తున్నది డాడీ. ముంగట జాగ ఉన్నది సూడు. తాత మేకలను గీడ కట్టెయ్యొచ్చు."

మేకలట! ఒక తరమంతా కిందామీదా పడి మేకల్లోంచి బయటికొచ్చి సిమెంటు ఇంట్లో కూర్చుంటే, బొమ్మరింట్లోకి మళ్లీ మేకలా? మళ్లీ ఆలోచించుకోమన్నాను. ఆలోచించి అదే చూపించింది. ఇంకోసారి ఆలోచించుకోమన్నాను. ఇంకోసారీ అదే. ప్రజాస్వామ్యంలో ఓటరు సరైన నిర్ణయానికి వచ్చేదాకా ఎన్నికలు పెడుతూనే ఉండాలి. అందుకని పాపను రైలెక్కించి తాండూరు తీసుకుపోయాను.

తాండూరు బజారులో గిరీష్ అని మాకు తెలిసినాయన బొమ్మల దుకాణం ఉంది. ఆయన పై అరలోంచి ఒక డబ్బా దించి దుమ్ము తుడిచాడు. ఆహా! రెండంతస్తుల విల్లా. మెలికలు తిరిగిన మెట్లు, బాల్కనీ, స్నానాల తొట్టి, వెలిగే లైట్లు, ఒక పియానో. మొత్తం రెండు వందల ఎనభై ఏడు ముక్కలు. మా వంశంలో పియానోను దగ్గరి నుంచి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. కాబట్టి అది మాకు అత్యవసరం.

డబ్బా మూల మీద మాత్రం 'పద్నాలుగేళ్లు దాటినవారికి' అని చిన్న అక్షరాల్లో ఉంది. అదే అడిగాను.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు గిరీష్. "పిల్లలు కట్టేదుంటదా ఏంది? నాయినలే కడ్తరు. మొన్న ఒకాయన కొనుక్కపోయిండు, ఆయనకు ఇంక పెండ్లే కాలే!"

ప్రణవి గల్లాపెట్టె అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచింది. "అంకుల్, గిందుల మేకలుంటయా?"

"మేకల్లేవు బిడ్డా. పియానో ఉన్నది."

పాలిష్ బండలకు పేరుపడ్డ తాండూరుకు పోయి అట్టముక్కల ఇల్లు కొనుక్కొచ్చిన మేధావిని బహుశా నేనొక్కణ్నే. తిరుగు రైలులో ప్రణవి డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేకల సంగతి మరిచిపోయినట్టే ఉంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఒకామె అడిగింది.

"ఏమున్నది బిడ్డా గందుల?"

"ఇల్లు, అవ్వా."

"ఇల్లా? డబ్బల వెట్టి అమ్ముతున్నరా ఇప్పుడు?"

"మేమే కట్టుకోవాలె. నేను, మా డాడీ!"

'నేను' అన్న మాటను గట్టిగానే పలికింది. వికారాబాద్ చేరేలోగా మరో ముగ్గురికి చెప్పింది. ముగ్గురికీ 'నేను' తర్వాతే 'డాడీ'. వరస తప్పుతున్నదని అప్పుడే గమనించి సరిదిద్దాల్సింది.

ఆదివారం పొద్దున ప్రణవి తలదువ్వించుకుని, చేతులు మడిచి, నాకంటే ముందే చాప మీద కూర్చుంది. నేను పాత పేపర్లు పరిచి మాన్యువల్ విప్పాను. ముప్పైరెండు పేజీలు. అక్షరాలు ఇంగ్లిష్‌వే గాని భాష మాత్రం ఏ దేశానిదో తెలియదు. బొమ్మలు చూసి కట్టుకోవాల్సిందే.

పాపకు ఒక కుర్చీ అప్పజెప్పాను. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, అరగంట కష్టపడి అతికించింది. తీరా చూస్తే కుర్చీకి వెనక ఉండాల్సిన వీపు ముందుకొచ్చింది.

"గిట్ల కాదు. ఇటియ్యి," అన్నాను.

తండ్రులారా, రాసిపెట్టుకోండి! పిల్లలతో కలిసి కట్టడం అనే మహాకార్యంలో మనకు కావాల్సిన మంత్రం ఇదొక్కటే. ఇటియ్యి. గమ్ము ఎక్కువైందా? ఇటియ్యి. కిటికీ తలకిందులైందా? ఇటియ్యి. ఇంకా ఏ తప్పూ చెయ్యలేదా? చేసేలోపే ఇటియ్యి!

అలాగని పాపను ఖాళీగా ఉంచానా? ఉంచలేదు. మొదటి ఆదివారం ముక్కలు అందించే పదవి ఇచ్చాను. ఒకటి బదులు ఇంకొకటి అందించింది. రెండో ఆదివారం గమ్ము సీసా మూత పట్టుకునే పదవి. మూడో ఆదివారం గాలికి ముక్కలు ఎగిరిపోకుండా ఫ్యాన్ స్విచ్ దగ్గర నిలబడే పదవి. నాలుగో ఆదివారానికి, 'చప్పుడు చేయకుండా చూడటం' అనే అత్యున్నత పదవి. ఎనిమిదేళ్లకే ఇన్ని హోదాలు మనలో ఎవరు చూశాం?

ఈ కిట్ల వల్ల దేశంలో పితృప్రేమ ఎంత పెరిగిందో మీకు తెలియదు. నేను చేరిన వాట్సాప్ గ్రూపులో అందరూ తండ్రులే. ఒకాయన బాల్కనీ కోసం మెడికల్ లీవు పెట్టాడు. ఇంకొకాయన వాల్‌పేపరు ఆరుతున్నదని సొంత బావమరిది పెండ్లికే పోలేదు. మరొకాయన మూడో తరగతి పిల్లవాడి కోసం మొదలుపెట్టిన కోటకు పైకప్పు పడేసరికి ఆ పిల్లవాడు ఇంటర్‌లో చేరాడు. అయితేనేం? కోట చూడటానికి రెండు కళ్లు చాలవు!

ఐదో ఆదివారం మా విల్లాకు పెద్ద ఆపద వచ్చింది. మూడు కాళ్ల పియానోకు డబ్బాలో రెండే కాళ్లు వచ్చాయి. సోఫా జరిపాను, మంచం ఎత్తాను, చీపురు దులిపాను. అగ్గిపుల్ల అంత ముక్క కోసం ఇల్లంతా తలకిందులు చేశాను. ప్రణవి మంచం కింద దూరి, మోకాళ్ల మీద పాకుతూ వెతికింది. నాలుగు వారాల తర్వాత ఒక పని దొరికిందన్న ఉత్సాహం ఆ పిల్లకు! ఎక్కడా దొరకలేదు. విసుగొచ్చి నేను బజారుకు పోయాను.

తిరిగొచ్చేసరికి పియానో నిలబడి ఉంది. వంగి చూశాను. మూడో కాలు ఉండాల్సిన చోట, చపాతీ పిండితో చేసిన ఒక మేక. చిన్న కొమ్ములు, బుల్లి గడ్డం. పియానో బరువంతా వీపు మీద మోస్తూ బుద్ధిగా నిలబడి ఉంది.

"ఏందిది?"

"మేక, డాడీ!" ప్రణవి ముఖం వెలిగిపోతున్నది. "కాలు దొరకలే గదా. గందుకే మేక మీద నిలవెట్టిన. ఊపి సూడు, ఊగుతనే లేదు!"

ఊపాను. ఊగలేదు. ఆ మాట ఇవాళ మీతో ఒప్పుకుంటున్నాను గాని, ఆ రోజు నాకు కనిపించింది నిగనిగలాడే నల్ల రంగు మీద తడిపిండి మాత్రమే.

"నిన్నెవరు ముట్టుకోమన్నరు?"

అంత గొంతు నాకుందని నాకే తెలియదు. చాకు తీసుకుని పిండి గీకాను. ముందు మేక తల ఊడింది, తర్వాత మొండెం. రెండూ చెత్తబుట్టలో పడ్డాయి. ప్రణవి ఏడవలేదు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని గోడ దగ్గరికి జరిగి నిలబడింది.

వంటింట్లోంచి నా భార్య స్నేహలత చపాతీ కర్రతో సహా వచ్చింది. "గా పియానోకు కాలు లేకుంటే ఎవలన్న సస్తరా? మీరు బజారుకు వోయిన సంది పిల్ల గా మేకను మూడుసార్లు చేసింది, తెల్సా మీకు? రెండుసార్లు బరువుకు కూలవడ్డది."

పర్ఫెక్షన్ అంటే ఏమిటో స్నేహలతకు సవివరంగా వివరించాను. ఆమె వినకుండానే లోపలికి పోయింది. పియానో కింద రబ్బరు ముక్క ఒకటి కోసి పెట్టాను. అది ఇప్పటికీ ఊగుతూనే ఉంది.

ఆ రాత్రి అన్నం దగ్గర ప్రణవి మాట్లాడలేదు. క్రమశిక్షణ వచ్చిందని సంతోషించాను.

ఏడో ఆదివారానికి ఇల్లు పూర్తయింది. ఫొటో కావాలి కదా! ప్రణవిని పిలిచి, చేతిలో పట్టకారు పెట్టి, పట్టకారులో చిన్న కుర్చీ పెట్టి, నవ్వమన్నాను. నవ్వింది. క్లిక్! "చాలు. ఇగ మెల్లగ ఆడ పెట్టేసి పక్కకు జరుగు," అన్నాను. 'నా బంగారు తల్లితో కలిసి కట్టుకున్న కలల ఇల్లు' అని రాసి గ్రూపుల్లో పెట్టాను. లైకులే లైకులు! ఇంటిని మాత్రం పాప చేతికి అందకుండా షోకేసు పైన పెట్టాను.

ఆ ఫొటో ప్రణవి క్లాస్ టీచర్ నాగరాణి గారి కంటపడింది. బడిలో శనివారం 'నా చేతులతో నేను చేసింది' అనే కార్యక్రమం ఉందనీ, ఆ ఇల్లు తప్పకుండా తీసుకురావాలనీ ఫోన్ చేశారు. ఆపరేషనైన మనిషిని తీసుకుపోతున్నట్టు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను. బల్ల మీద నిలబెట్టి లైట్లు వేశాను. చుట్టూ చూస్తే ఒక పాప చేసిన నలిగిన కాగితపు పూలు, ఒక బాబు చేసిన చక్రం వంకరపోయిన బండి. పాపం, వీళ్లకు తండ్రులు లేరేమో అనుకున్నాను.

నాగరాణి టీచర్ మా పాపను ముందుకు పిలిచారు. "ప్రణవీ, ఇంత మంచి ఇల్లు ఎట్ల కట్టినవో అందరికీ చెప్పు తల్లీ."

నేను ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాను. ప్రణవి చేతులు వీపు వెనక పెట్టుకుని నిలబడింది.

"నేను కట్టలే టీచర్. డాడీ కట్టిండు."

గదిలో నవ్వులు. నేను కూడా అందరికంటే గట్టిగా నవ్వాను. టీచర్ నన్ను ఆదుకోవాలని చూశారు. "నువ్వు గూడ సాయం చేసినవ్ కదా?"

"చేసిన టీచర్. గమ్ము మూత పట్టుకున్న. ఫ్యాన్ బంద్ చేసిన."

"మంచిది. మరి దీంతోటి ఏం నేర్చుకున్నవ్?"

ప్రణవికి అబద్ధం చెప్పడం ఇంకా నేర్పలేదు నేను.

"ఏదీ ముట్టుకోకుండ కూసునుడు నేర్సుకున్న టీచర్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో రాకెట్ బొమ్మ పట్టుకుని నిలబడ్డ ఒక తండ్రి దాన్ని మెల్లగా తన కొడుకు చేతిలో పెట్టాడు. ఇంకొకాయన పైన తిరగని ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను వీడియో ఆపేశాను.

ఇంటికొచ్చాక విల్లాను షోకేసు మీద పెట్టలేదు. నా పెద్ద మనసు నాకే ఆశ్చర్యం! గది మధ్యలో చాప మీద, పాప అందుకునేంత ఎత్తులో పెట్టాను.

"ఇగ ఇది నీదే తల్లీ. నేనేమన. తలుపులు తీస్కో, సామాన్లు గుంజుకో, ఏమన్న చేసుకో. ఆడుకో."

ప్రణవి గొంతుక్కూర్చుని కిటికీలోంచి లోపలికి చూసింది. మెట్లు చూసింది, తొట్టి చూసింది, పియానో చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు. 'మేకను గూడ పెట్టుకో' అనబోయాను.

"వద్దు డాడీ. ఇరుగుతదేమో అని నాకు భయమైతది," అంది లేస్తూ. కోపం లేదు, అలక లేదు. చిన్నపిల్లవాడికి బొమ్మ వదిలేసే పెద్దపిల్లలా నా భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "నువ్వే ఆడుకో."

బయటికి పోయింది. ఒక్కణ్నే మిగిలాను. ఇంతలో చాయ్ తాగుతానేమో అడుగుదామని స్నేహలత వస్తున్న అడుగుల చప్పుడు. వెంటనే గుమ్మంలో ప్రణవి గుసగుస.

"ష్... లోపలికి పోకు మమ్మీ. డాడీ ఆడుకుంటున్నడు."

చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.